పాపకి పడదు, కాబట్టి ఇంట్లో ఉండదు

మా పాపకి వేరుశనగ, నువ్వులు పడవని తేలిన రోజు నుంచీ ఇంట్లో ఒకటే చర్చ. పాపకి వేరుగా వండుదామా, లేక ఆ రెండింటినీ ఇంట్లోంచే తీసేద్దామా? ఎక్కువ మంది మొదటిదానికే మొగ్గారు. "ఒక్క పిల్ల కోసం ఇంటిల్లిపాదీ నోరు కట్టుకోవాలా అమ్మా? దానికో గిన్నె, ఓ గరిటె విడిగా పెడితే పోలా?" అన్నారు మా అత్తయ్య. వినడానికి సబబుగానే ఉంది. పైగా విడిగా వండి పెడితే ఆ పిల్లని ప్రత్యేకంగా చూసుకుంటున్నామన్న తృప్తి కూడా మిగులుతుంది. నేను మాత్రం రెండోదానికే పట్టుబట్టాను. ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను. ఇలాంటి సంగతి కొత్తగా తెలిసి, వంటింట్లో ఏం ఉంచాలో ఏం తీసేయాలో తోచక నిలబడ్డవాళ్ళకి పనికొస్తుందని నా వాదన రాస్తున్నాను.

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. పాలు తాగితే కడుపు ఉబ్బరించే వాళ్ళుంటారు. పాలల్లో ఉండే లాక్టోజ్ అనే చక్కెర వాళ్ళకి సరిగ్గా అరగదు. అక్కడ ఎంత తాగామన్నదే లెక్క. ఒక గుక్కతో పెద్దగా ఏమీ కాకపోవచ్చు, గ్లాసు తాగితే ఇబ్బంది పడతారు. అలాంటి వాళ్ళకి వేరే గిన్నె పెడితే సరిపోతుంది. ఎలర్జీ అలా కాదు. అది అరుగుదలకి సంబంధించింది కాదు, రోగనిరోధక వ్యవస్థ ఆహారంలోని ప్రొటీన్‌ని శత్రువుగా గుర్తుపెట్టుకోవడం. 1902లో ఛార్లెస్ రిషే, పాల్ పోర్టియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు ఒక సముద్రజీవి విషాన్ని కుక్కలకి ఎక్కించి చూశారు. మొదటిసారి తట్టుకున్న కుక్క, కొన్ని వారాల తర్వాత అదే మోతాదు మళ్ళీ ఇస్తే నిమిషాల్లో కుప్పకూలి చనిపోయింది. అలవాటవుతుందనుకుంటే ఎదురు తిరిగింది. దానికే అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టారు. ఆ పనికి 1913లో రిషేకి నోబెల్ వచ్చింది. "కొంచెం కొంచెం పెడితే అదే అలవాటవుతుంది" అని సలహా ఇచ్చే పెద్దలు కనిపించినప్పుడల్లా నాకు ఆ కుక్కే గుర్తొస్తుంది. కొద్దికొద్దిగా పెంచుతూ ఇచ్చే వైద్యం ఉన్న మాట నిజమే. అది డాక్టరు పర్యవేక్షణలో, కొలతల ప్రకారం జరిగేది, మన స్పూనుతో చేసేది కాదు.

ఇక విడి గిన్నె సంగతి. పాప రిపోర్టులు వచ్చాక మిక్సీ జార్లన్నీ విప్పి కడగడం మొదలుపెట్టాను. జారు బయటికి తళతళలాడుతోంది. బ్లేడు ఊడదీసి కింద ఉన్న రబ్బరు రింగుని గోటితో లేపితే, రింగు చుట్టూ గోధుమరంగులో సన్నటి గీతలా ఒక పదార్థం పేరుకుని ఉంది. గట్టిపడి, కొద్దిగా నూనె మెరుపుతో. వాసన చూస్తే పల్లీలు. ఆ జారుని రోజూ కడుగుతూనే ఉన్నాం. కానీ రింగు కిందికి స్పాంజి వెళ్ళదు. సీసా మూతల మరల్లోనూ ఇంతే. జల్లెడ కన్నాల్లో, చెక్క పీట మీద కత్తిగాట్లలో, టోస్టరు అడుగున, గరిటె పిడి బిగించిన చోట, ఎక్కడ సందు ఉంటే అక్కడ పాత వంట మిగిలే ఉంటుంది. ఒకే స్పాంజితో అన్నీ తోమే ఇంట్లో విడి గిన్నె విడిగా ఉండేది అరలో ఉన్నంతసేపే. వేపుళ్ళకి వాడిన నూనెని దాచి మళ్ళీ వాడే అలవాటుంటే ఇక చెప్పక్కర్లేదు.

"బాగా మరిగిస్తే అన్నీ చచ్చిపోతాయి కదా" అన్నది ఇంకో మాట. చావడానికి అది సూక్ష్మజీవి కాదు, ప్రొటీన్. గుడ్డు, పాలు బాగా బేక్ చేసిన పిండివంటల్లో కలిసి ఉంటే, వాటికి ఎలర్జీ ఉన్న పిల్లల్లో చాలామంది తట్టుకోగలరు. ఎవరు తట్టుకుంటారో డాక్టరు ముందు పరీక్షిస్తే గానీ తెలియదు. వేరుశనగ మాత్రం తిరకాసు. వేయిస్తే దాని ప్రొటీన్లు మరింత మొండిగా తయారవుతాయి. చేతుల సంగతీ ఇంతే. 2004లో జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు వేరుశనగ పూసిన చేతుల్ని రకరకాలుగా కడిగించి చూస్తే సబ్బూ నీళ్ళూ, తడి వైప్స్ దాన్ని తొలగించాయి. ఉత్త నీళ్ళతో కడిగినా, శానిటైజర్ జెల్ రాసుకున్నా కొందరి చేతులకి అది అంటుకునే ఉంది. శానిటైజర్ రాసుకుని చేతులు శుభ్రమైపోయాయనుకునే రోజుల్లో ఉన్నాం కాబట్టి ఈ ఒక్క ముక్క ఇంటికి వచ్చిన అందరికీ చెబుతుంటాను.

ఇవన్నీ తెలిసినవాళ్ళు కూడా నాతో ఒప్పుకోని చోటు ఒకటుంది. "జాగ్రత్తగా ఉంటే చాలు కదా" అంటారు. నా అసలు తగాదా ఈ మాటతోనే. జాగ్రత్తగా ఉండటం మనిషి చేతిలో ఉన్నట్టు మాట్లాడతాం గానీ, అది ఆ పూట ఓపిక మీద ఆధారపడి ఉంటుంది. ఉదయం ఇద్దరు పిల్లల్ని తయారు చేస్తూ, ఒక పక్క ఫోను మోగుతుంటే, అదే గరిటె ఇందులోంచి తీసి అందులో పెట్టని వాళ్ళెవరు? జ్వరంతో పడుకుని వేరేవాళ్ళకి వంటిల్లు అప్పగించిన రోజు మాటేమిటి? రెండు రకాల వంటలు, రెండు జతల సామాన్లు ఉన్న వంటింట్లో ప్రతి పూటా ప్రతి మనిషీ ప్రతిదీ సరిగ్గా చేయాలి. అసలు ఆ పదార్థమే లేని వంటింట్లో ఎవరికీ ఏదీ గుర్తుండక్కర్లేదు. నిద్రమత్తులో కూడా తప్పు చేయలేని వంటింట్లోనే పిల్ల క్షేమంగా ఉంటుందని నా నమ్మకం.

అయితే నా వాదనకి గట్టి అడ్డు మా పెద్దాడి నుంచి వచ్చింది. "చెల్లికి పడకపోతే నేనెందుకు మానాలి అమ్మా?" అన్నాడు. పెద్దవాళ్ళ అభ్యంతరాలన్నిటికంటే ఇదే న్యాయమైనదని ఇప్పటికీ అనుకుంటాను. "చెల్లి కోసం త్యాగం చెయ్యి నాన్నా" అని వాడి నోరు మూయించవచ్చు, కానీ ఆ త్యాగం లెక్క వాడు తర్వాత ఎప్పుడో చెల్లి దగ్గరే వసూలు చేస్తాడు. అదీ కాక, వాడు పూర్తిగా మానడం మంచిదని వైద్యం కూడా చెప్పడం లేదు. 2000లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం, ఎలర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న పిల్లలకి మూడేళ్ళ దాకా వేరుశనగ పెట్టొద్దని సలహా ఇచ్చింది. ఆధారం లేదని 2008లో తనే వెనక్కి తీసుకుంది. 2015లో లండన్‌లో గిడియన్ లాక్ బృందం లీప్ అధ్యయనం ఫలితాలు ప్రకటించింది. ఎలర్జీ ముప్పు ఎక్కువున్న 640 మంది పసిపిల్లల్ని తీసుకుని సగం మందికి నాలుగు నుంచి పదకొండు నెలల వయసు మధ్యే వేరుశనగ పెట్టడం మొదలుపెట్టారు, మిగతా సగం మందికి దూరంగా ఉంచారు. అయిదేళ్ళు వచ్చేసరికి, తిన్న పిల్లల్లో ఆ ఎలర్జీ సుమారు 81 శాతం తక్కువగా కనిపించింది. అంటే భయపడి దాచిపెట్టడం కొందరు పిల్లలకి చెరుపే చేసింది. ఇది ఎలర్జీ ఇంకా రాని పిల్లలకి వర్తించే మాట, వచ్చేసిన మా పాపకి కాదు. కానీ తట్టుకుంటున్న పెద్దాడు తినడం మానకూడదనడానికి నాకు ఇది చాలు.

కాబట్టి మా ఒప్పందం ఇది: వాడు బయట ఎంతైనా తినొచ్చు, ఇంట్లోకి తేకూడదు. వచ్చాక సబ్బుతో చేతులు, మూతి కడుక్కుని పళ్ళు తోముకోవాలి. తిన్న వెంటనే చెల్లి గ్లాసులో నీళ్ళు తాగకూడదు, ముద్దు పెట్టుకోకూడదు, ఎందుకంటే తిన్న కొన్ని గంటల దాకా లాలాజలంలో ఆ ప్రొటీన్ ఉండొచ్చు. బ్యాగు జేబుల్లో ఏమైనా మిగిలితే బయటే పడేయాలి. ఈ ఏర్పాటు వాడికి నచ్చింది. నిజానికి బయట తినే హక్కు రాతపూర్వకంగా దొరికినట్టు భావిస్తున్నాడు.

ఇంతకీ అందరూ అన్నీ పారేయాలని నేననడం లేదు. వేరుశనగ, నువ్వులు తీసేయడం మాకు తేలిక. వాటికి బదులు వేరేవి దొరుకుతాయి, అవి లేకపోతే ఎవరి ఎదుగుదలా ఆగదు. అదే ఎలర్జీ పాలకో, గోధుమకో అయ్యి, ఇంట్లో ఇంకో పసిపిల్ల పాల మీదే బతుకుతుంటే లెక్క మారుతుంది. పిల్లకి ఎలర్జీ ఎంత తీవ్రంగా ఉంది, ఆ పదార్థం ఎంత సులువుగా చెదురుతుంది, మిగతావాళ్ళకి అది ఎంత అవసరం. వీటిని బట్టే ఏది ఇల్లు దాటాలో తేల్చుకోవాలి. పొడులు, పిండ్లు అన్నిటికంటే గడుసువి, గాల్లోకి లేస్తాయి. చేపలు, రొయ్యలు ఉడికేటప్పుడు వచ్చే ఆవిరి పీల్చినా కొందరికి ఇబ్బంది వస్తుంది. ఉడికించిన గుడ్డు మాత్రం ఉన్నచోటే ఉంటుంది, దాన్ని అదుపు చేయొచ్చు. పడని పదార్థాన్ని తప్పనిసరిగా ఇంట్లో ఉంచాల్సి వస్తే దానికి ఫ్రిజ్‌లో అన్నిటికన్నా కింది అర ఇవ్వాలి, పైనుంచి ఒలికి మిగతావాటి మీద పడకుండా. పడనివాళ్ళ వంట ముందు చేసి మూతపెట్టి పక్కన పెట్టాలి. వాళ్ళ సామాన్లకి ఒక రంగు కేటాయించాలి, చదువు రాని పిల్లలకి కూడా తెలిసేలా.

తీసేయడంలో ఒక ప్రమాదం కూడా ఉంది. చేయి తిరిగితే ఆగం. పాప రిపోర్టు చూసి మా బంధువుల్లో ఒకరు పప్పు దినుసులన్నీ మాన్పించమన్నారు, వేరుశనగ కూడా ఆ జాతిదే కదా అని. జాతి నిజమే గానీ, వేరుశనగ పడనివాళ్ళలో ఎక్కువ మంది మిగతా పప్పులు హాయిగా తినగలరు. మరోపక్క జీడిపప్పు పడనివాళ్ళకి పిస్తా కూడా పడకపోవడం మామూలే. ఆవుపాలు పడకపోతే మేకపాలు పట్టమనే సలహా ఎప్పుడూ వినిపిస్తుంది. రెండింటి ప్రొటీన్లూ దాదాపు ఒకటే, కాబట్టి ఆ పిల్లల్లో చాలామందికి మేకపాలూ పడవు. చుట్టరికం మన ఊహ ప్రకారం నడవదు, డాక్టర్ని అడిగి తెలుసుకోవాల్సిందే.

టెస్టుల విషయంలోనూ అంతే. స్కిన్ ప్రిక్ టెస్టులో దద్దురు వచ్చినంత మాత్రాన, రక్తంలో ఐజీఈ (ఎలర్జీకి కారణమయ్యే యాంటీబాడీ) కనిపించినంత మాత్రాన ఆ ఆహారం పడదని ఖాయం కాదు. తింటే ఏమైందన్న చరిత్ర కూడా దానికి తోడవ్వాలి. సందేహం మిగిలితే ఆస్పత్రిలో, డాక్టరు కళ్ళముందు కొద్దికొద్దిగా తినిపించి చూడటమే అసలు పరీక్ష. ఇక ఐజీజీ అనే ఇంకో రకం యాంటీబాడీకి పరీక్ష చేసి పదుల కొద్దీ పదార్థాల పట్టిక చేతిలో పెట్టే ప్యాకేజీలున్నాయి. ఐజీజీ ఉందంటే ఆ ఆహారం తిన్నామని అర్థం, పడదని కాదు. ఎలర్జీ నిపుణుల సంఘాలు ఆ పరీక్ష వద్దనే చెబుతున్నాయి. అమెరికాలో నలభై వేల మందికి పైగా పెద్దవాళ్ళ మీద జరిగి, 2019లో వెలువడిన సర్వేలో, తమకి ఫుడ్ ఎలర్జీ ఉందని నమ్మేవాళ్ళు దాదాపు 19 శాతం. లక్షణాలు చూస్తే ఎలర్జీ అని నమ్మదగ్గట్టు ఉన్నవాళ్ళు 10.8 శాతమే. మిగతావాళ్ళకి ఏ బాధా లేదని కాదు, వాళ్ళ బాధకి కారణం వేరే ఉండొచ్చు. కానీ అనుమానం మీద పాలు మాన్పిస్తే కాల్షియం, విటమిన్ డి ఎక్కణ్ణుంచి వస్తాయన్నది ఎవరో ఒకరు చూడాలి. నా వాదన అందుకే రెండంచుల కత్తి: తేలినదాన్ని ఇల్లంతా మానాలి, తేలనిదాన్ని పిల్ల చేత కూడా మాన్పించకూడదు.

ఇక లేబుళ్ళు. వీటి గురించి ఎంత చెప్పినా తక్కువే. ఎలర్జీ లేనివాళ్ళు ప్యాకెట్టు ముందు వైపు చూస్తారు, ఉన్నవాళ్ళు వెనక వైపు బతుకుతారు. పాలు అని రాయకుండా కేసీన్ అని, వే అని రాయొచ్చు. గుడ్డు ఆల్బుమిన్ పేరుతో వస్తుంది. నువ్వులు తహీనీ పేరుతో వస్తాయి, లేదా ఉత్త 'మసాలా దినుసులు' అన్న మాట వెనక దాక్కుంటాయి. ఏ పదార్థాన్ని తప్పనిసరిగా ప్రకటించాలన్నది దేశాన్ని బట్టి మారుతుంది. యూరప్ జాబితాలో పద్నాలుగు ఉన్నాయి, అందులో నువ్వులు, ఆవాలు కూడా ఉన్నాయి. అమెరికాలో 2004 చట్టంలో ఎనిమిదే ఉండేవి. 2021లో చట్టం చేసి, 2023 జనవరి 1 నుంచి నువ్వుల్ని తొమ్మిదోదిగా చేర్చారు. తర్వాత జరిగింది వింటే ఒళ్ళు మండుతుంది. నువ్వులు కలవకుండా యంత్రాలు శుభ్రం చేసుకోవడం కష్టమని, కొన్ని బేకరీ కంపెనీలు అంతకుముందు నువ్వులు లేని రొట్టెల్లో కావాలనే కొంచెం నువ్వుల పిండి కలిపి లేబుల్ మీద 'నువ్వులు' అని రాసేశాయి. చట్టానికి కట్టుబడినట్టే, తినేవాళ్ళకి ఉన్న రొట్టే పోయింది. అందుకే నిన్నటిదాకా పనికొచ్చిన ప్యాకెట్టు ఇవాళా పనికొస్తుందని నమ్మకూడదు. కొనేటప్పుడు ఒకసారి, సర్దేటప్పుడు ఒకసారి, తెరిచేటప్పుడు ఒకసారి చదవాలి.

'ఫలానాది ఉండవచ్చు' అనే హెచ్చరిక ఇంకో తలనొప్పి. చాలా దేశాల్లో అది కంపెనీ ఇష్టం. రాసినదాంట్లో ఏమీ ఉండకపోవచ్చు, రాయనిదాంట్లో ఉండొచ్చు. నేనైతే ఆ మాట కనిపిస్తే అరలో తిరిగి పెట్టేస్తాను. ఇక సరుకులు తెచ్చి అందమైన సీసాల్లో పోసుకునే అలవాటుంటే లేబుల్ ముక్క కత్తిరించి సీసాకి అంటించండి, లేకపోతే సీసాలు వదిలేయండి. లూజుగా కొనే సరుకులు మాత్రం మేం పూర్తిగా మానేశాం. అన్ని డబ్బాల్లోనూ తిరిగే ఆ ఒక్క స్కూపుని చూశాక కొనబుద్ధి కాలేదు.

వంట సంగతి నేను భయపడినంత కష్టం కాలేదు. 'దేని బదులు ఏది' అని పట్టికలు వెతకడం దండగ. ఆ వంటలో ఆ పదార్థం ఏ పని చేస్తోందో చూసుకుంటే దారి దొరుకుతుంది. పల్లీలు ఒక చోట కరకర కోసం, ఒక చోట చిక్కదనం కోసం, ఒక చోట కమ్మదనం కోసం పడతాయి. కరకరకి వేయించిన గుమ్మడి గింజలు సరిపోతాయి, అవి ఏ ఫ్యాక్టరీలో ప్యాక్ అయ్యాయో చూసుకుని కొనాలి. గుడ్డు పడని ఇళ్ళల్లో కేకు కోసం చెంచాడు అవిసె గింజల పొడిని మూడు చెంచాల నీళ్ళలో నానబెడితే జిగురు పనికి సరిపోతుంది. నురగ కావాల్సిన చోట అది చేతులెత్తేస్తుంది, అక్కడ కాబూలీ శనగలు ఉడికించిన చిక్కటి నీళ్ళు గిలకొట్టాలి. నూనెల దగ్గర మాత్రం జాగ్రత్త. బాగా శుద్ధి చేసిన వేరుశనగ నూనెలో ప్రొటీన్ దాదాపు మిగలదు, గానుగ నూనెలో మిగులుతుంది. నువ్వుల నూనె ఎక్కువగా శుద్ధి చేయకుండానే అమ్ముతారు. మా ఇంట్లో ఈ తర్కాలేవీ లేకుండా రెండూ మానేశాం.

"ఇంట్లో ఇలా పెంచితే రేపు బయట ఎలా బతుకుతుంది?" అని అడిగేవాళ్ళకి నా జవాబు ఒకటే. బయట ప్రతి చోటా దానికి అడగడం తప్పదు. ఇందులో ఏముంది, దేంట్లో వేయించారు, ఎవరి గరిటె. అడగడం దానికి నేర్పిస్తూనే ఉన్నాం. ఎవరినీ అడక్కుండా ఫ్రిజ్ తలుపు తీసి చేతికందింది తినగలిగే చోటు ప్రపంచంలో దానికి ఒక్కటైనా ఉండాలి. అది ఇల్లు కాకపోతే ఇంకెక్కడ?

వంటింట్లో అన్నిటికంటే ముఖ్యమైన వస్తువు తినేది కాదు. ఎలర్జీ తీవ్రంగా ముంచుకొచ్చినప్పుడు వేసే ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్. మాకు డాక్టరు రాసిచ్చారు, వాడే తీరు పెన్నులా ఉండే డమ్మీ ఇంజెక్షన్‌తో ఇంట్లో అందరి చేతా చేయించారు, అత్తయ్యతో సహా. అది బీరువాలో తాళం వేసే వస్తువు కాదు, ఫ్రిజ్‌లో పెట్టేదీ కాదు. మామూలు గది వేడిలో, అందరికీ తెలిసిన చోట, పెద్దవాళ్ళ చేతికందే ఎత్తులో ఉండాలి. ఊపిరి అందకపోవడం, గొంతు బిగుసుకోవడం, ఒళ్ళంతా దద్దుర్లతో పాటు వాంతులు, సొమ్మసిల్లడం కనిపిస్తే తొడ బయటి వైపు అది వేసి, పడుకోబెట్టి, అంబులెన్సు పిలవాలి. ఊపిరి ఆడకపోతే కూర్చోనివ్వొచ్చు గానీ లేపి నడిపించకూడదు. తగ్గినట్టు కనిపించినా ఆస్పత్రికి వెళ్ళాల్సిందే, కొందరిలో కొన్ని గంటల తర్వాత మళ్ళీ తిరగబెడుతుంది. దురదకి వాడే ఎలర్జీ మాత్ర దీనికి బదులు కాదు. "ముందు మాత్ర వేసి చూద్దాం" అనడంలోనే విలువైన నిమిషాలు పోతాయి.

ఈ ఏర్పాటంతా శాశ్వతం కాకపోవచ్చు. పాలు, గుడ్డు ఎలర్జీ చాలామంది పిల్లల్లో పెరిగేకొద్దీ పోతుంది. వేరుశనగది పోయేది సుమారు అయిదుగురిలో ఒకరికే. మా పాప ఆ ఒక్కరిలో ఉందో లేదో ఇంట్లో రుచి చూపించి తేల్చుకునేది కాదు, డాక్టరు ఎప్పుడు పిలిస్తే అప్పుడు మళ్ళీ టెస్టులు, అవి బాగుంటే ఆస్పత్రిలో తినిపించి చూడటం. ఒకవేళ గట్టెక్కితే ఇంకో మెలిక ఉంది: తట్టుకుందని తెలిశాక కూడా భయంతో దూరంగా ఉంచితే కొందరిలో అది తిరిగొస్తుంది, కాబట్టి మానకుండా తినిపిస్తూ ఉండాలి. అప్పుడు పల్లీలు ఇంట్లోకి రావాలని పట్టుబట్టేదీ నేనే. వద్దనేది మాత్రం అత్తయ్యే అయ్యేలా ఉన్నారు. ఈమధ్య ప్యాకెట్లు నాకంటే ముందు ఆవిడే తిరగేసి చదువుతున్నారు.